తలంటు వాయిదా

విజయవాడ వన్ టౌన్‌లో మా కొట్టున్న సందులోకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు తుమ్ముతారు. ఎదురుగా ఎండుమిర్చి కొట్టు, ఇటు మా కుంకుడుకాయల బస్తాలు. కుంకుడు, శీకాయ, సాంబ్రాణి మా హోల్‌సేల్ సరుకు, నాన్న రోజుల నుంచీ ఇదే వ్యాపారం. ఈ ఊళ్ళో సగం తలలు మన సరుకుతో రుద్దుకున్నవేరా అని నాన్న గొప్పలు చెప్పుకునేవాడు. షాంపూ ప్యాకెట్లు వచ్చాక ఆ గొప్ప చాలావరకు పోయింది కానీ, పెళ్ళిళ్ళకీ పండగలకీ జనం ఇంకా మా దగ్గరికే వస్తారు. అలాంటి కొట్టు నడిపే నేను, ఒక మే నెలలో, బెజవాడ ఎండలో, తలకు చుక్క నీళ్ళు పోసుకోకుండా తిరిగాను. సందులో వాళ్ళు ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతారు. ఎందుకు పోసుకోలేదో ఆ నవ్వేవాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

నా భార్య మిలిటరీ ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసరు. అంతకుముందు కొన్నాళ్ళు ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేది. మా నాన్నకి ఆపరేషనయినప్పుడు నేను దొంగతనంగా ఇడ్లీల డబ్బా పట్టుకెళ్ళాను. ఆమె డబ్బా లాక్కుని, "మీ నాన్నగారిని బతికించమంటారా, ఇడ్లీలు పెట్టమంటారా? రెండిట్లో ఒకటి చెప్పండి" అంది. నాకు అంతవరకూ ఎవరిచేతా అంత శుభ్రంగా తిట్లు తిన్న అనుభవం లేదు. ఆ తిట్ల దగ్గరే మా కథ మొదలైంది. వాళ్ళది హనుమాన్ జంక్షన్ దాటి లోపలికి వెళితే కాలవ పక్కన ఉండే ఊరు, క్రైస్తవ కుటుంబం. మాది పొలాలమ్మి బజారుకెక్కిన హిందూ కుటుంబం. పెళ్ళి మాట ఎత్తగానే రెండిళ్ళలోనూ అలకలు నడిచాయి, కొన్నాళ్ళకి అందరూ అలిసిపోయి భోజనాలకి కూర్చున్నారు.

మాకు పిల్లలు లేరు. ఆమె ఉద్యోగం దేశమంతా తిప్పుతుంది, నా కొట్టు సందు దాటదు. ఏడాదిలో రెండుసార్లు లీవు మీద వస్తుంది. మిగతా రోజులు నేను ఫోనుతోనే కాపురం చేస్తున్నానని చెప్పాలి. కూర ఏం వండారు, మందులు వేసుకున్నారా, అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఇలాంటి మాటలే మేం మాట్లాడుకునేది. చిన్న మాటలే. కానీ అవి రాని రోజున నాకు అన్నం సహించదు.

ఇక అమ్మ పట్టింపు సంగతి. ఇంట్లోంచి ఎవరైనా ఊరికి బయల్దేరితే వెంటనే ఇల్లు ఊడవకపోవడం చాలా ఇళ్ళల్లో ఉన్నదే. అమ్మకి ఇంకొకటి కూడా ఉండేది. నాన్న సరుకు కొనడానికి జగదల్‌పూర్ అడవుల వైపు వెళితే, ఆయన క్షేమంగా చేరాడని కబురొచ్చేదాకా తలకు పోసుకునేది కాదు. ఇంట్లో ఫోను లేని రోజులవి. లారీ ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చి గుమ్మంలో నిలబడి, "అయ్యగారు చేరారంటండీ" అని చెప్పాలి. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ తడి జుట్టు విరబోసుకుని, బుట్ట కింద సాంబ్రాణి పొగ పెట్టుకుని కూర్చుంటే నాన్న చేరినట్టు. జిడ్డుజడ అలాగే ఉంటే చేరనట్టు. అది నాకు ఎవరూ నేర్పలేదు, చూస్తూ చూస్తూ తెలిసిపోయింది. తడి జుట్టు కనపడితే పుస్తకాల సంచీ అక్కడే పడేసి ఆటకి పరిగెత్తేవాణ్ణి.

ఈ పట్టింపు మీద మా ఆవిడ అమ్మని ఆటపట్టించేది. "మా ఇంట్లో మోకాళ్ళ మీద ప్రార్థన చేసి పంపిస్తారు అత్తయ్యా, మీ ఇంట్లో చీపురు దాచేసి పంపిస్తారు. ఇద్దరి పుణ్యం నాకే" అనేది. అమ్మ కూడా తక్కువదేం కాదు, "మరి అందుకే కదమ్మా గుండ్రాయిలా ఉన్నావు" అనేది. వాళ్ళిద్దరూ ఒక జట్టు. నేనే పరాయివాణ్ణి.

ఆ ఏడాది ఆమె వేసవి లీవుకి వచ్చిన కొద్ది రోజులకే కాశ్మీరులో విహారయాత్రకి వెళ్ళినవాళ్ళని కాల్చి చంపారన్న వార్త వచ్చింది. ఆమె టీవీ ముందు నిలబడి చూసింది. ఆమె పనిచేసే ఆసుపత్రి జమ్మూ అవతల, సరిహద్దుకి దగ్గర్లో ఉంది. ఊరి పేరు రాయొద్దని చెప్పింది కాబట్టి రాయను. ఆ రోజు నుంచీ ఫోను చేతిలోనే పెట్టుకుని తిరిగింది. నేను చూడనట్టు నటించాను.

మేం అనుకున్నదేమిటంటే, ఆదివారం పొద్దున్నే తలస్నానాలు చేసి వాళ్ళూరు వెళ్ళాలి. ఆమె చర్చికి వెళ్ళొచ్చాక కాలవ గట్టున కూర్చుని ముంజలు తినాలి. ముంజలంటే ఆమెకి పిచ్చి. కాయ కొట్టించుకుని, వేలితో పొడిచి, నీళ్ళు మోచేతి దాకా కారుతుంటే అక్కడికక్కడే తినాలంటుంది. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తే ముఖం తిప్పేసుకుంటుంది. ఆమె పోస్టింగులున్న చోట్ల తాటిచెట్లుండవు. ఏడాదంతా ఫోనులో, "అక్కడ ముంజలొచ్చాయా?" అని జనవరి నుంచే మొదలుపెడుతుంది.

శనివారం సాయంత్రం వెనక వసారాలో నన్ను పీట మీద కూర్చోబెట్టి తలకు కొబ్బరినూనె పెడుతోంది. "ఉన్న నాలుగు వెంట్రుకలకీ ఇంత నూనె దేనికే?" అన్నాను. "అవన్నా నిలబడతాయని" అంది. కిటికీ గట్టు మీద ఫోను మోగింది. మెసేజ్. ఆమె నూనె వేలితోనే తెరిచి చదివి, ఫోను మళ్ళీ అక్కడే పెట్టింది. మళ్ళీ నా తల మీద చేతులు వేసి, నడినెత్తి నుంచి చెవుల దాకా, మెడ వెనక్కి, తొందర లేకుండా మొత్తం మర్దన పూర్తి చేసింది. నాకు వెనక్కి తిరిగి ముఖం చూడాలనిపించలేదు. చేతులు తీశాక చెప్పింది.

"లీవు క్యాన్సిల్ చేశారండీ. రేపు పొద్దున బండికి వెళ్ళాలి."

"మరి ముంజలు?" అన్నాను నేను. అంతకంటే పనికొచ్చే మాట ఆ క్షణాన నాకు దొరకలేదు.

ఆదివారం పొద్దున స్టేషన్లో ఢిల్లీ బండి కోసం మిలిటరీ క్రాపులు కొట్టించుకున్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. పక్కన నల్లటి ట్రంకు పెట్టెలు, చుట్టూ ఇంట్లోవాళ్ళు. ఎవరి భార్యలో, ఎవరి తల్లులో వాళ్ళకి టిఫిన్లు అందిస్తున్నారు. మా దగ్గర మటుకు బండి ఎక్కింది ఆమె, కింద నిలబడి మంచినీళ్ళ బాటిలు అందించింది నేను. పక్కనున్న పెద్దావిడ నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూసింది. "చేరగానే ఫోన్ చెయ్యి" అన్నాను. "ఎన్నిసార్లు చెప్తారు? చేస్తాను. కొట్టు తియ్యండి వెళ్ళి, ఎండెక్కుతోంది" అంది. బండి కదిలాక కూడా కిటికీలోంచి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇంటికొచ్చి స్నానాల గదిలోకి వెళ్ళాను. బకెట్లో నీళ్ళు పట్టి, చెంబు ముంచి తల మీదికి ఎత్తాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలలో ఉన్నది ఆమె చేతి నూనె. చెంబు దించి మెడ కింద నుంచి పోసుకుని బయటికొచ్చాను. భర్త ప్రయాణంలో ఉంటే భార్య ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మనవాళ్ళు చాలా చెప్పారు. భార్య సరిహద్దుకి వెళితే ఇంట్లో ఉన్న మగాడు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అలాంటి రోజొకటి వస్తుందని వాళ్ళకి తట్టి ఉండదు. అందుకని అమ్మ పద్ధతే నేనూ తీసుకున్నాను.

ఢిల్లీ నుంచి ఫోన్ చేసింది. బండి దిగాననీ, రాత్రి ఇంకో బండికి వెళుతున్నాననీ చెప్పింది. తర్వాత పఠాన్‌కోట్ నుంచి చేసింది. "ఇక్కణ్ణుంచి మిలిటరీ బండ్లలో తీసుకెళ్తారు. చేరాక చేస్తాను" అంది. వెనక ఎవరో హిందీలో గట్టిగా పిలుస్తున్నారు. "ఆఁ, వస్తున్నా" అని వాళ్ళకి తెలుగులో జవాబిచ్చి, తన తప్పుకి తనే నవ్వి, ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఫోను లేదు.

మర్నాడు చేసి చూస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఆ తర్వాత అసలు ఏ మాటా రాలేదు, ఊరికే పీప్ మని ఆగిపోయేది. అమ్మ నన్ను రెండు రోజులు చూసి, మూడో రోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏంట్రా ఆ జుట్టు? అట్టగట్టి చస్తోంది. తలకి పోసుకోవా?"

"మీ కోడలు ఇంకా చేరలేదు కదా" అన్నాను.

అమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "మగాళ్ళకి అలాంటిదేం లేదురా" అంది. "లేకపోతే లేదులే, మజ్జిగ పొయ్యి" అన్నాను. మజ్జిగ పోసింది. ఆ తర్వాత నన్నా మాట అడగలేదు కానీ, అమ్మ కూడా ఆ శుక్రవారం తలకు పోసుకోలేదు. నేనూ ఆ సంగతి అడగలేదు.

ఇక కొట్లో నా అవస్థ. కుంకుడుకాయల దుమ్ము ఎలాంటిదో మా వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. బస్తా దులిపితే గాల్లోకి లేచి, చెమట పట్టిన చోటల్లా అంటుకుంటుంది. నూనె తల, దాని మీద చెమట, దాని మీద ఆ దుమ్ము. దురదకి పిచ్చెత్తిపోయేది. హమాలీలు నా వెనక నవ్వుకునేవాళ్ళు. ఒక పాత ఖాతాదారు నా తల చూసి, "సరుకు బాగోలేదా అండీ, మీరే వాడట్లేదు?" అన్నాడు. ఆయన్ని నేనేమీ అనలేదు. ఆ మాట నిజానికి బాగుంది.

నాకు కోపమొచ్చింది వేరేవాళ్ళ మీద. యుద్ధం అని పైకి ఎవరూ అనలేదు కానీ అక్కడ కాల్పులు, గుండ్లు, డ్రోన్లు మొదలయ్యాయి. మా సందులో మాత్రం పండగ వాతావరణం వచ్చింది. ఎదురుగా ఎండుమిర్చి కొట్టాయన టీవీ పెట్టాడు. టీ గ్లాసులు పట్టుకుని అందరూ అక్కడే. మ్యాపు మీద ఎర్రబాణాలు ఇటు నుంచి అటు వెళుతుంటే చప్పట్లు. నిన్నటిదాకా జీఎస్టీ కాగితం కూడా చదవడం రానివాళ్ళు క్షిపణుల పేర్లు అప్పగిస్తున్నారు. వాట్సాప్‌లో ఎవరో మా ఊరి పక్కనున్న ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ మీద గురిపెట్టారని పంపితే, ఒకాయన సాయంత్రానికల్లా కొవ్వొత్తులు కట్టలు కట్టలు కొని ఇంటికి పట్టుకెళ్ళాడు. సరిహద్దుకీ ఇక్కడికీ దూరం ఎంతో ఆయనకి అక్కర్లేదు.

ఎండుమిర్చి కొట్టాయన మంచివాడే. ముప్ఫై ఏళ్ళుగా ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ రోజు టీవీలోంచి తల తిప్పి నాతో, "ఈసారి మాత్రం ఊరుకోకూడదండీ. లోపలికెళ్ళి నాలుగు తగిలించి రావాలి" అన్నాడు.

"మీరెప్పుడు బయల్దేరుతున్నారు? చెప్తే పులిహోర కట్టిస్తాను" అన్నాను.

టీ తాగేవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. నా గొంతులో ఏముందో ఆయనకి అప్పుడు వినపడినట్టుంది. "చెల్లెమ్మ గారు అక్కడే కదూ?" అన్నాడు మెల్లగా. లేచి టీవీ కట్టేశాడు. మర్నాటి నుంచి నేను షట్టరెత్తగానే రోడ్డు దాటి వచ్చి, "ఫోనొచ్చిందా అండీ?" అని అడిగేవాడు. రాలేదనేవాణ్ణి. "వస్తుందిలెండి" అని వెళ్ళిపోయేవాడు. ఆయన వెళ్ళాక నాకు ఏడుపొచ్చేది. కొట్లో ఏడిస్తే బాగుండదని బస్తాలు లెక్కపెట్టే వంకతో వెనక గోడౌన్లోకి వెళ్ళేవాణ్ణి.

ఒకరోజు సరుకు పని మీద హనుమాన్ జంక్షన్ వెళ్ళాల్సి వచ్చింది. రోడ్డు పక్కన తాటిగెలలు కుప్పలుపోసి ముంజలమ్మేవాళ్ళు వరసగా కూర్చున్నారు. మేం ఎప్పుడూ ఆగే చోటే, మేం ఎప్పుడూ కొనే ఆవిడ. నన్ను గుర్తుపట్టి, "మేడం గారు రాలేదా?" అంటూనే ఒక కాయ కొట్టి చేతికిచ్చింది. లేత ముంజ. వేలు పెట్టి పొడిస్తే నీళ్ళు చిమ్మాయి. నోటి దాకా తీసుకెళ్ళి, తినలేక, ఆవిడ చూడకుండా పక్కనున్న మేకకి పెట్టేశాను. ఇంత వయసొచ్చాక రోడ్డు మీద నిలబడి భార్య కోసం ముంజ మింగలేకపోవడం ఏమిటని సిగ్గేసింది. కానీ నాకు ఆమె కావాలి. దేశానికి ఆమె ఎంత అవసరమో నాకు తెలుసు, కాదనను. నాకు మాత్రం, మోచేతి నుంచి నీళ్ళు కారుస్తూ ఆ గట్టు మీద కూర్చునే మనిషి కావాలి.

తర్వాతి శనివారం సాయంత్రం సందులో ఒక్కసారిగా కేకలు. కాల్పులు ఆపడానికి రెండు దేశాలూ ఒప్పుకున్నాయట. ఎండుమిర్చి కొట్టాయన టీవీ ముందు నుంచి పరిగెత్తుకొచ్చి, మిరప్పొడి చేతుల్తోనే నన్ను పట్టుకుని, "అయిపోయిందండీ, అయిపోయింది" అన్నాడు. నా చొక్కా భుజాల మీద రెండు ఎర్రటి చేతులు పడ్డాయి. కొట్టు కట్టేసి ఇంటికి వెళ్ళాను.

అమ్మ అప్పటికే వెనక వసారాలో పీట వేసి ఉంచింది. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానేసి, పిసికి రసం తీసి గిన్నె నిండా పెట్టింది. నీళ్ళ గాబు నిండుగా ఉంది.

"కూర్చో. యుద్ధం ఆగిపోయిందంట. ఇంక చేరినట్టే" అంది.

"ఫోను రాలేదమ్మా."

"వస్తుంది. ఇవాళ కాకపోతే రేపొస్తుంది. ఆ తల చూస్తే అమ్మాయి హడలి మళ్ళీ వెనక్కి పోతుంది. కూర్చోరా."

నాకూ ఓపిక అయిపోయింది. చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాను. అమ్మ తల తడిపి, కుంకుడు రసం పోసి, చిన్నప్పుడు రుద్దినట్టే రుద్దింది. నూనె వదిలి నురగ లేస్తుంటే ఆ హాయికి నాకు కళ్ళు మూతలు పడ్డాయి. అంతలో మేడ మీద అద్దెకున్నవాళ్ళ టీవీ పెద్దగా వినపడింది. మళ్ళీ పేలుళ్ళట. జమ్మూ వైపు ఆకాశంలో మళ్ళీ వెలుగులట. వార్తలు చదివే అమ్మాయి ఊపిరాడకుండా అరుస్తోంది.

అమ్మ చెంబు ముంచి ఎత్తింది. నేను అమ్మ మణికట్టు పట్టుకున్నాను.

"ఆగు. పొయ్యకు."

"నురగతో ఆపుతావేంట్రా? సగం తలంటు ఏ శాస్త్రంలో ఉంది?"

"ఏ శాస్త్రంలోనూ లేదు. ఆమె చేరిందని చెప్పేదాకా పొయ్యకు."

అమ్మ నా ముఖంలోకి చూసి చెంబు దించింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నా పక్కన మెట్టు మీద కూర్చుంది. కుంకుడు రసం కళ్ళల్లోకి కారుతుంటే, తలకి నీళ్ళు తగలకుండా తన కొంగు తడిపి, కళ్ళు మాత్రం తుడిచింది. నురగ ఆరడం మొదలైంది. వెంట్రుకలు బిగుసుకుపోయాయి. మేడ మీదివాళ్ళు ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కి తిప్పుతున్నారు.

"మీ నాన్న ఒకసారి జగదల్‌పూర్ వెళ్ళి ఎంతకీ రాలేదు" అంది అమ్మ. "దారిలో లారీని చూశామని ఎవరో అంటే, ఇంకేంలే అని తలకి పోసేసుకున్నా. తీరా చూస్తే ఆ లారీలో ఈయన లేడంట."

"ఏమైంది?"

"ఏమవుద్ది? జ్వరమొచ్చి మధ్యలో ఆగాడంట. వారానికొచ్చాడు. వచ్చేదాకా మాత్రం నేను రోజూ చచ్చాను. ఈ జుట్టు మొదలంటా కత్తిరించేద్దామనుకున్నా." చెంబు పక్కకి జరిపి, "కూర్చో. పొయ్యనులే" అంది.

అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. దోమలు కుడుతున్నాయి. అమ్మ తన కొంగుతో నాకు విసురుతోంది. కిటికీ గట్టు మీద, నూనె పెట్టిన రోజు ఆమె ఫోను ఉన్నచోటే, నా ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తాను.

"ఏమండీ."

"ఆఁ" అన్నాను.

"ఏమండీ, వినపడుతోందా? ఇది వేరేవాళ్ళ ఫోను. ఏంటా గొంతు? ఏడుస్తున్నారా?"

"కుంకుడు రసం కళ్ళల్లో పడింది" అన్నాను. అబద్ధం కాదు. "చేరావా?"

"చేరడమేంటండీ, ఎప్పుడో చేరా. ఫోన్లు తీసేసుకున్నారు. ఇక్కడ ఊపిరి పీల్చుకునే టైం లేదు."

"చేరానని ఒక్కసారి చెప్పు."

"చేరాను. క్షేమంగా ఉన్నాను. చాలా?"

అమ్మకి తల ఊపాను. అమ్మ లేచి గాబులో చెంబు ముంచి నా నెత్తిన కుమ్మరించింది. ఫోను తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను. ఆ చేతిలోంచి, "ఏంటా నీళ్ళ చప్పుడు? ఏమైంది?" అని ఆమె గొంతు వినపడుతూనే ఉంది. అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని లోపలికి వెళ్ళింది. ఏం చెప్పిందో నేను వినలేదు. మిగతా నీళ్ళు నేనే పోసుకున్నాను. అమ్మ తిరిగొచ్చి, "పెట్టేసిందిరా, పేషెంట్లొచ్చారంట" అంది. మర్నాడు పొద్దున లేచేసరికి అమ్మ తడి జుట్టు విరబోసుకుని, బుట్ట కింద సాంబ్రాణి పొగ పెట్టుకుని కూర్చుంది. నేను కాఫీ తాగకుండానే చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాను.

మళ్ళీ లీవు దొరికి ఆమె వచ్చేసరికి ముంజలు ముదిరి పళ్ళయ్యాయి, పళ్ళు రాలాయి, టెంకలు పాతరలో మొలిచి తేగలయ్యాయి. డిసెంబరు. వాళ్ళూరు వెళుతూ హనుమాన్ జంక్షన్లో ఆగాం. ముంజలావిడ ఇప్పుడు ఉడికించిన తేగలు కట్టలు కట్టి అమ్ముతోంది. మా ఆవిడ ఒక తేగ ఒలిచి, పీచు తీస్తూ, నమిలింది. అక్కడి సంగతులు తనంతట తను చెప్పదు, నేను అడగను. ఆ రోజు మాత్రం చెప్పింది.

"స్పృహ రాగానే వాళ్ళు నీళ్ళు అడగరండీ, ఫోను అడుగుతారు. జవాన్లే కాదు, గుండ్లు పడ్డ ఊళ్ళ వాళ్ళు కూడా. ముసలమ్మ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని కొడుక్కి చెప్పమంది, బతికున్నానని." తేగ మధ్యలో ఉండే మెత్తటి చందమామ తీసి నా చేతిలో పెట్టింది. "ఆ రోజు అత్తయ్య మీ సంగతి చెప్పేదాకా నాకు భయం వెయ్యలేదు. పోతే పోతాం, డ్యూటీ కదా అనుకున్నా. ఇక్కడొకాయన నెత్తి మీద నురగతో కూర్చున్నాడని తెలిశాక, ఇంకెలా పోతాను? అప్పణ్ణుంచి ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడ్డాను."

ఆ చందమామ చేతిలోనే పట్టుకున్నాను. సరిహద్దు గీతకి అవతల కూడా ఇలాంటి ఆసుపత్రి, ఇలాంటి నర్సు ఉండే ఉంటారు. ఆమె ఇంట్లో ఎవరు ఏం మానేసి కూర్చున్నారో అనుకున్నాను. చందమామ తినేశాను. తియ్యగానే ఉంది.

ఇవాళ పొద్దున ఆమెని మళ్ళీ అదే బండి ఎక్కించాను. అక్కడ ఇప్పుడు పెద్దగా గొడవలేం లేవంటున్నారు. ఉన్నా మనకి చివర్నే తెలుస్తుంది. నిన్న సాయంత్రం వసారాలో నా తలకు నూనె పెట్టింది. ఫోనేమీ మోగలేదు, లీవు మామూలుగానే అయిపోయింది. స్టేషన్లో నీళ్ళ బాటిలు అందించి, "చేరగానే ఫోన్ చెయ్యి" అన్నాను. ఎన్నిసార్లు చెప్తారని విసుక్కుంటుందని చూశాను. విసుక్కోలేదు. బండి కదిలింది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాచి నా నెత్తిన పెట్టింది. నేను బండితో పాటు నాలుగడుగులు నడిచాను.

"ఏమండీ, నేను చేరానని చెప్పేదాకా తలకు పోసుకోకండి" అంది. నవ్వడం లేదు.

ఇది రాసే సమయానికి ఆమె ఇంకా ఢిల్లీ కూడా చేరలేదు. కొట్లో ఇవాళ కొత్త సరుకు దించారు, ఒళ్ళంతా కుంకుడు దుమ్ము. తల దురద పెడుతోంది. పెట్టనీ.